అడగండి, చెబుతాం: సుషీ హోటల్లో బల్ల ముందు కూర్చున్నాక

సుషీ గురించి వచ్చిన ప్రశ్నలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాం. నెలల ముందు చోటు రాయించుకునే ఖరీదైన హోటళ్ల సంగతి కాదిది. ఇంటిల్లిపాదీ నడుచుకుంటూ వెళ్లి కూర్చునే మామూలు సుషీ హోటలే మా దృష్టిలో ఉంది.

ప్రశ్న: నలుగురం కలిసి మొదటిసారి సుషీ తినబోతున్నాం. మెనూ నిండా నిగిరి, మాకి, సాషిమి అంటూ ఏవేవో పేర్లు. ఏది ఎంత చెప్పాలి? ఏది ముందు తినాలి?

జవాబు: సుషీ అంటే పచ్చి చేప అనే అపోహ పోతే మెనూ సగం అర్థమైనట్టే. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నం ఉంటేనే అది సుషీ. చేప లేకపోయినా సుషీ అవుతుంది, అన్నం లేకపోతే కాదు. ఉత్త చేప ముక్కలు కోసి పెడితే దాని పేరు సాషిమి.

చేత్తో నొక్కిన చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క పరిస్తే నిగిరి. నోరి అనే సముద్రపు నాచు రేకు మీద అన్నం పరిచి, మధ్యలో కీరదోసో చేపో పెట్టి చుట్టి, ముక్కలుగా కోస్తే మాకి. వాటిలో సన్న చుట్ట హోసోమాకి, లావు చుట్ట ఫుతోమాకి. అన్నం బయటికి, నోరి లోపలికి ఉండేది ఉరామాకి. పొట్లంలా చుట్టి కోయకుండా చేతికిచ్చేది తెమాకి. చేప గుడ్లలాంటి జారిపోయే వాటి కోసం ముద్ద చుట్టూ నోరితో గోడ కడతారు, అది గున్‌కాన్. గిన్నెలో అన్నం వేసి పైన రకరకాల ముక్కలు సర్దితే చిరాషి. ఒంటరిగా వెళ్లినవాళ్లకి, ఏం చెప్పాలో తేల్చుకోలేనివాళ్లకి చిరాషి చాలా మంచిది.

ఇక లెక్క. నిగిరి చాలాచోట్ల జతగా వస్తుంది. మెనూలో రాసిన ధర ఒకదానికా, జతకా అని ముందే అడగండి. బిల్లు దగ్గర గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. సన్న చుట్ట మామూలుగా 6 ముక్కలు, ఉరామాకి 8. ఒక్కో నిగిరిలో అన్నం సుమారు 15 నుంచి 20 గ్రాములు. ఆకలి మీదున్న మనిషికి 10 నుంచి 12 ముక్కలు సరిపోతాయి. మీరు నలుగురు కాబట్టి మొదటి విడతలో రెండు ఉరామాకి, రెండు రకాల నిగిరి రెండేసి జతల చొప్పున చెప్పండి. మొత్తం 24 ముక్కలు, తలా ఆరు. అవి అయ్యాక మిగతావి చెప్పుకోవచ్చు.

ఒకేసారి బల్ల నింపేయడం మాత్రం వద్దు. సుషీ ఎదురుచూడలేని తిండి. కూర్చోబెట్టిన కొద్దీ నోరి అన్నంలోని తడి పీల్చి సాగుతుంది, గోరువెచ్చగా ఉండాల్సిన అన్నం చల్లారి బిగుస్తుంది, చల్లగా ఉండాల్సిన చేప వెచ్చబడుతుంది. పావుగంటలో మూడూ చెడతాయి.

తేలిక రుచితో మొదలుపెట్టి బరువైన రుచికి వెళ్లండి. ముందు తెల్ల చేపలు, స్క్విడ్. తర్వాత సాల్మన్, ట్యూనా. ఆ తర్వాత తోరో అనే కొవ్వెక్కువున్న ట్యూనా పొట్ట భాగం, వెనిగర్‌లో ఊరిన సాబా (మాకెరెల్ చేప). చివర్లో తీపి సాస్ రాసిన ఉనాగి (ఈల్ అనే పాములాంటి పొడవాటి చేప), గుడ్డుతో చేసే తమాగో. కారం మయోనైజ్ దట్టించిన చుట్టతో మొదలుపెడితే ఆ తర్వాత వచ్చే తెల్ల చేప నోటికి నీళ్లలా తగులుతుంది. ఈ వరుసకి ఒకటే మినహాయింపు: తెమాకి ఎప్పుడొస్తే అప్పుడే తినేయాలి. నోరి కరకరలాడేది రెండు మూడు నిమిషాలే.

ప్రశ్న: సోయా సాస్‌లో ముంచగానే నిగిరి విడిపోయి గిన్నె నిండా మెతుకులే మిగులుతున్నాయి. తప్పు నాదా, వండినవాళ్లదా?

జవాబు: వండినవాళ్లు సరిగ్గానే చేశారు. నోట్లో వేసుకోగానే విడిపోవాలని ముద్దని మెతుకుల మధ్య గాలి ఉండేలా వదులుగా నొక్కుతారు. మీరు అన్నం వైపు ముంచుతున్నారు, అన్నం ఆ సాస్‌ని పీల్చుకుని కూలిపోతోంది. నిగిరిని పక్కకి పడుకోబెట్టి, చేపనీ అన్నాన్నీ కలిపి రెండు వైపులా పట్టుకుని, చేప అంచు మాత్రమే సాస్‌కి తాకించండి. చాప్‌స్టిక్స్‌తో కుదరకపోతే చేత్తో తీసుకోండి, నిగిరిని చేత్తో తినడం జపాన్‌లోనూ మర్యాదే. గున్‌కాన్‌ని తిప్పితే పైనున్నది పడిపోతుంది కాబట్టి పక్కన పెట్టే అల్లం ముక్కని సాస్‌లో తడిపి, కుంచెలా పైన రాయండి. ఉనాగికి సాస్ రాసే ఇస్తారు, మళ్లీ ముంచొద్దు.

గిన్నెలో ఒక చెంచాకి మించి పోసుకోకండి. 15 మిల్లీలీటర్ల సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజు మొత్తానికి పెట్టిన హద్దు 2000 మిల్లీగ్రాముల లోపే. రక్తపోటు ఉన్నవాళ్లు ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రశ్న: వసాబీని సోయా సాస్‌లో కలుపుకోకూడదంటారు, ఎందుకు? పిల్లలకి ఆ ఘాటు లేకుండా చేయించుకోవచ్చా?

జవాబు: వసాబీ అనే పచ్చటి ముద్ద ఘాటు నాలుక మీద కాదు, ముక్కులో తెలుస్తుంది. ఆ ఘాటునిచ్చే పదార్థం ఇట్టే ఎగిరిపోయే రకం. సాస్‌లో కలిపేస్తే ఉప్పదనం కింద అణిగిపోతుంది, పైగా ముక్క ముక్కకీ ఒకటే రుచి అవుతుంది. చిటికెడు తీసి నేరుగా చేప మీద పెట్టుకోండి. నిగిరికైతే చాలాచోట్ల చేపకీ అన్నానికీ మధ్య ముందే రాసేస్తారు, అందుకే రుచి చూశాకే మళ్లీ వేసుకోవాలి. మామూలు హోటల్లో ఇచ్చే పచ్చటి ముద్ద చాలావరకు హార్స్‌రాడిష్ దుంప, ఆవపొడి, రంగు కలిపినది. అసలు వసాబీ దుంపని అప్పటికప్పుడు తురుముతారు, తురిమిన పావుగంటకే దాని పరిమళం తగ్గిపోతుంది. పిల్లల ముక్కలకి ‘సాబినుకి’ అని చెప్పండి, వసాబీ లేకుండా చేసిస్తారు.

ప్రశ్న: మేం వెళ్లే హోటల్లో చేపని ఫ్రీజర్‌లో పెట్టి వాడతారని తెలిసింది. డబ్బులిచ్చి నిల్వ చేప తింటున్నామా? అసలు పచ్చి చేప తినడం ఎంతవరకు క్షేమం?

జవాబు: ఫ్రీజ్ చేసిన చేప అని వినగానే నిరుత్సాహపడాల్సిన పని లేదు. చాలా రకాల చేపల విషయంలో మిమ్మల్ని కాపాడేది ఆ ఫ్రీజరే.

సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉండొచ్చు. అది బతికుండగా కడుపులోకి వెళితే జీర్ణాశయం గోడని పట్టుకుంటుంది. తిన్న కొన్ని గంటల్లోనే భరించలేని నొప్పి, వాంతులు మొదలవుతాయి. అలాంటప్పుడు డాక్టరుకి పచ్చి చేప తిన్న సంగతి తప్పకుండా చెప్పాలి. ఎండోస్కోపీతో పురుగుని బయటికి తీస్తే నొప్పి తగ్గుతుంది. ఆ పురుగుని చంపేది గట్టి చలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్క ప్రకారం మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల్లో గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలి. ఐరోపా సమాఖ్య నియమం మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు. అమెరికా నియమంలో పెద్ద జాతుల ట్యూనాకీ, గుళికల మేత మీద పెంచిన సాల్మన్‌కీ మినహాయింపు ఉంది, వాటిలో ఈ పురుగు బెడద చాలా తక్కువ. దూరసముద్రంలో పట్టిన ట్యూనాని పడవలోనే మైనస్ 60 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తారు. సరిగ్గా కరిగిస్తే మంచి మంచి నాలుకలు కూడా తేడా కనిపెట్టలేవు. ఇంటి ఫ్రీజరు మామూలుగా మైనస్ 18 దగ్గరే ఆగుతుంది, తలుపు తీసినప్పుడల్లా ఆ చలీ తగ్గుతుంది. అందుకని బజారు చేపని ఇంట్లో ఫ్రీజ్ చేసి పచ్చిగా తినే ప్రయత్నం చేయకండి.

సాల్మన్ కథ ఇక్కడ చెప్పుకోదగ్గది. జపాన్‌లో ఒకప్పుడు సాల్మన్‌ని వండుకునే తినేవారు, స్థానికంగా దొరికే పసిఫిక్ సాల్మన్‌లో పురుగులుంటాయని పచ్చిగా ముట్టేవారు కాదు. 1980ల్లో నార్వే తన పెంపకపు సాల్మన్‌ని పచ్చిగా తినొచ్చని అక్కడ ప్రచారం మొదలుపెట్టాకే అది సుషీ మీదికి ఎక్కింది. ఇవాళ అదే అందరికీ మొదటి ముక్క. సముద్రంలో, నదిలో పట్టిన సాల్మన్ అని మెనూలో గొప్పగా రాసి ఉంటే మాత్రం ఫ్రీజ్ చేశారా అని అడగండి. సాబా విషయంలోనూ అంతే. దాన్ని ఉప్పులో, వెనిగర్‌లో ఊరేస్తారు కాబట్టి ఉడికినట్టు తెల్లబడుతుంది, కానీ ఆ పులుపుకి అనిసాకిస్ చావదు.

ఫ్రీజర్‌కి లొంగనిది ఇంకొకటి ఉంది. ట్యూనా, సాబా లాంటి చేపలు కాసేపు వెచ్చగా ఉండిపోతే వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది. అది గడ్డకట్టించినా పోదు, వండినా పోదు. నోట్లో పెట్టగానే మిరియం తగిలినట్టు చురుక్కుమంటే ఆ ముక్క ఉమ్మేయండి. కాసేపట్లో ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఊపిరి అందకపోతే అత్యవసర విభాగానికే.

‘సుషీ గ్రేడ్’ అన్న మాటని నమ్ముకుని ఏదీ కొనకండి. అమెరికాలో దానికి చట్టపరమైన నిర్వచనమే లేదు, అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరది.

ప్రశ్న: మా ఇంట్లో ఇద్దరు పూర్తి శాకాహారులు. వాళ్లు సుషీ హోటల్‌కి వస్తే తినడానికి ఏమైనా ఉంటుందా?

జవాబు: కడుపు నిండా ఉంటుంది, అడిగే పద్ధతి తెలియాలి. కీరదోస పెట్టిన కప్పా మాకి దాదాపు ప్రతి చోటా దొరుకుతుంది. అవకాడో చుట్ట, ఊరబెట్టిన పసుపు ముల్లంగి తకువాన్ చుట్ట, పులిసిన సోయా గింజల నత్తో చుట్ట, పుల్లటి ఉమే పండు ముద్దతో షిసో అనే సువాసన ఆకు పెట్టిన చుట్ట ఉంటాయి. ఇనారి అంటే వేయించిన టోఫూ సంచిని తియ్యటి సోయా రసంలో ఉడికించి అందులో అన్నం కూరినది. కాంప్యో అనే గోధుమరంగు పీలికలు సొరకాయవే, గుజ్జుని రిబ్బన్లలా చెక్కి ఎండబెట్టి, నానబెట్టి, సోయా సాస్, పంచదారతో ఉడికిస్తారు. నోరి సముద్రపు నాచు కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

చిక్కంతా దాషీతో. జపాన్ వంటకి ఆధారమైన ఈ పల్చటి చారుని చాలామంది కత్సువోబుషి అనే ఎండు చేప తురుముతో కాస్తారు. పులిసిన సోయా ముద్దతో చేసే మిసో సూప్‌లో అది ఉంటుంది. చూడటానికి శాకాహారంలా కనిపించే ఇనారి, కాంప్యో కూడా అందులోనే ఉడికి ఉండొచ్చు. గుడ్డు తినేవాళ్లకి తమాగోలోనూ ఇదే సందేహం. ‘ఇది వెజిటేరియనా?’ అని అడిగితే చేప ముక్క కనిపించదు కాబట్టి అవునంటారు. ‘దాషీ ఎండు చేపతో కాచారా, కొంబు నాచుతో కాచారా?’ అని అడగండి. కొంబుతో అయితే నిశ్చింతగా తినొచ్చు. చుట్ట మీద అలంకారానికి చల్లే నారింజ రంగు గింజలు చేప గుడ్లు, వద్దని ముందే చెప్పాలి. కూరగాయల్ని పిండిలో ముంచి తెంపురాగా వేయించే నూనెలోనే రొయ్యలూ వేగుతాయి. ఒకే బల్ల, ఒకే కత్తి అంటే మనసొప్పనివాళ్లు, మొదట తమ చుట్టలే చేసివ్వమని, కత్తి కడగమని అడగడంలో తప్పేమీ లేదు. రద్దీ లేని వేళ వెళితే ఓపిగ్గా చేస్తారు.

ప్రశ్న: పక్కన పెట్టే గులాబీరంగు అల్లాన్ని సుషీ మీద పెట్టుకుని తినాలా?

జవాబు: కాదు. ఒక రకం చేపకీ ఇంకో రకానికీ మధ్య ఒక రేకు నమిలితే నోరు శుభ్రమవుతుంది, దాని పని అదే. సుషీ మీద పెడితే చేప రుచిని తినేస్తుంది.

ప్రశ్న: ‘వైట్ ట్యూనా’ అని రాసి ఉంటే బాగుందని ఆరు ముక్కలు తిన్నాను. రాత్రంతా నూనె కారినట్టు విరేచనాలు. చేప పాడైపోయిందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చేప పాడవలేదు, అది ట్యూనాయే కాకపోవచ్చు. ఎస్కోలార్ అనే చేపని కొన్నిచోట్ల వైట్ ట్యూనా పేరుతో అమ్ముతారు. దాని కొవ్వు చాలావరకు మైనం జాతిది, మనిషి పేగులు దాన్ని అరిగించుకోలేవు. అది అలాగే జారి బయటికి వచ్చేస్తుంది. జపాన్‌లో ఈ చేప అమ్మకాన్ని 1977 నుంచే ఆపేశారు. వైట్ ట్యూనా అంటే నిజానికి ఉండాల్సింది అల్బకోర్ ట్యూనా, దాని మాంసం లేత గులాబీ రంగులో ఉంటుంది. పాలరాయిలా తెల్లగా ఉండి వెన్నలా కరిగితే అనుమానించాల్సిందే. ‘ఇది అల్బకోరా, ఎస్కోలారా?’ అని పేరు పెట్టి అడగండి. కొద్దిగా తింటే ఫరవాలేదని కొందరంటారు కానీ, ఎవరి ఒంటికి ఎంత పడుతుందో ముందు తెలియదు. మా సలహా, పూర్తిగా మానేయండి.

ప్రశ్న: గర్భవతిని. స్నేహితులతో సుషీకి వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లండి, పచ్చి చేప, పచ్చి గుల్లలు మాత్రం వద్దు. ఉడికించిన రొయ్య, కాల్చిన ఉనాగి, తెంపురా చుట్ట, కూరగాయల చుట్టలు చెప్పుకోండి. అవి పచ్చి చేప కోసిన బల్ల మీద కాకుండా విడిగా చేయమనండి. బిగ్‌ఐ ట్యూనా, కత్తిచేప లాంటి వాటిలో పాదరసం ఎక్కువ, వండినా అది పోదు కాబట్టి వాటిని ముట్టుకోవద్దు. పసిపిల్లలకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి, కాలేయ జబ్బున్నవాళ్లకి కూడా పచ్చివి పనికిరావు.

ప్రశ్న: నాకు గోధుమ పడదు. అన్నం, చేపే కదా అని తిన్నా ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి.

జవాబు: మామూలు సోయా సాస్‌ని సోయాతో పాటు గోధుమ వేసి పులియబెడతారు. ఉనాగి మీద రాసే తీపి సాస్‌లో అది ఉంటుంది. పీత అని ఇచ్చే ఎర్ర అంచు కర్రల్లో పీత ఉండదు, నూరిన చేప, గోధుమ పిండి, గుడ్డు తెల్లసొన కలిపి చేస్తారు. చుట్ట మీది కరకరల పొడి తెంపురా పిండిదే. కూర్చోగానే, మెనూ తెరవకముందే చెప్పండి. గోధుమ లేదని సీసా మీద రాసి ఉన్న తమారి అనే సోయా సాస్ వెంట తీసుకెళ్లడం అన్నిటికన్నా భద్రం.

ప్రశ్న: మిగిలిన సుషీ ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి అన్నం రాయిలా అయింది. బయట ఉంచితే బాగుండేదా?

జవాబు: పచ్చి చేప ఉన్నదాన్ని బయట 2 గంటలకి మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. అన్నం గట్టిపడటానికి కారణం పిండిపదార్థం. ఉడికినప్పుడు నీరు పీల్చి విచ్చుకున్న పిండి, చల్లబడ్డాక మళ్లీ దగ్గరగా అల్లుకుని నీటిని వదిలేస్తుంది. ఆ పని ఫ్రిజ్ చలిలోనే అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. హోటల్లో సుషీ అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టకపోవడానికి కారణం ఇదే. వాళ్లకి వెనిగర్ పులుపు తోడుగా ఉంటుంది, సరైన పాళ్లలో కలిపితే అన్నంలో పెరిగే క్రిముల్ని అది అణిచిపెడుతుంది.

వండిన ముక్కలున్న చుట్టలైతే మూతపెట్టి మైక్రోవేవ్‌లో 10, 15 సెకన్లు తిప్పండి, అన్నం కాస్త మెత్తబడుతుంది. పచ్చి చేపవైతే, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి చేరి ఉంటే చేపని విడదీసి పెనం మీద బాగా కాల్చుకుని మర్నాడే ముగించండి, ఆలస్యమై ఉంటే పారేయండి. పార్సిల్ కట్టించేటప్పుడు వేడి మిసో సూప్‌ని అదే సంచిలో పెట్టనివ్వకండి.

ప్రశ్న: బెల్టు మీద పళ్లాలు తిరిగే చోట ఏది తాజాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: చేప అంచు పైకి లేచి మెరుపు తగ్గినా, అన్నం పొడిబారినా, నోరి ముడతపడినా అది చాలాసేపు తిరిగిందని అర్థం. ఈ పద్ధతి పెట్టినవారు షిరాయిషి యోషియాకి. బీరు కర్మాగారంలో సీసాలు బెల్టు మీద పోవడం చూసి, 1958లో ఒసాకా పక్కనున్న ఇప్పటి హిగాషి ఒసాకాలో మొదటి బెల్టు సుషీ హోటల్ తెరిచారు. బెల్టు సెకనుకి 8 సెంటీమీటర్లు కదిలేలా పెట్టారు. అంతకన్నా వేగమైతే ముక్కలు ఆరిపోతాయి, నెమ్మదైతే తినేవాళ్లకి విసుగు. బెల్టు మీదున్నదాన్ని నమూనాగా చూసి, కావలసింది వంటవారికి నేరుగా చెప్పి చేయించుకోండి, చాలాచోట్ల కాదనరు. ధర పళ్లెం రంగుని బట్టి ఉంటుంది. ఒకసారి తీసిన పళ్లాన్ని తిరిగి బెల్టు మీద పెట్టకూడదు.

ప్రశ్న: కొత్త హోటల్‌కి వెళ్లినప్పుడు మొదటి ముక్కతోనే బాగోగులు తేల్చుకోవచ్చా?

జవాబు: చాలావరకు తేలిపోతుంది. చాలామంది చేపని చూస్తారు, మేం అన్నాన్ని చూడమంటాం. అది ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి, మెతుకు మెతుకూ మెరుస్తూ విడిగా తెలియాలి, పులుపు ముక్కుకి కాకుండా నాలుకకి అందాలి. అన్నం ఐసులా చల్లగా ఉంటే ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టినది, అక్కడ రెండో విడత చెప్పకండి. ట్యూనా పుచ్చకాయ ముక్కలా మరీ గులాబీగా మెరుస్తుంటే సంతోషపడొద్దు. రంగు నిలవడానికి కార్బన్ మోనాక్సైడ్ పట్టించి ఉండొచ్చు, ఐరోపాలోనూ జపాన్‌లోనూ దాన్ని అనుమతించరు. మామూలు ట్యూనా ముదురు ఎరుపు, పాతబడితే గోధుమరంగుకి తిరుగుతుంది. రంగు పట్టించిన ముక్కలో ఆ మార్పు కనిపించదు కాబట్టి వయసు తెలియదు. మెనూలో 100 రకాలుండి, భోజనాల వేళ కూడా బల్లలు ఖాళీగా ఉంటే ఆ చేపంతా ఎప్పుడు అమ్ముడవుతుందో ఆలోచించండి. లోపలికి అడుగుపెట్టగానే వెనిగర్, అన్నం వాసన రావాలి. చేపల వాసన వస్తే కూర్చోకుండానే వచ్చేయండి. కూర్చున్నాక ముక్కలో నీచు గానీ అమ్మోనియా ఘాటు గానీ తగిలితే ఆ పళ్లాన్ని తినకుండా వెనక్కి పంపించండి.